మూడో పేజీ చివర

సోమవారం పగలు పదకొండు గంటల ఏడు నిమిషాలకి, సంగీత పుస్తకాల షాపు యజమాని నిచ్చెన మీద ఉండగానే చచ్చిపోయాడు.

సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఒకే ఒక్క గుండు. షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు గానీ, పై అరలోంచి పుస్తకాలు జారిపడ్డాయనుకున్నారు. కాల్చినవాడు తలుపు తీసి, ఎదురుగా వస్తున్న ముసలావిడ కోసం ఆ తలుపు పట్టుకుని నిలబడి, ఆవిడ "థాంక్యూ నాయనా" అన్నాక గానీ కదల్లేదు. మహా మర్యాదస్తుడు.

షాపు యజమాని మన మనిషి. పద్నాలుగేళ్లుగా ఏజెంట్ల కవర్లు అందుకుంటూ, గూఢచారి డిపార్ట్‌మెంటుకి పోస్టుబాక్సు. చచ్చేటప్పటికి అతని చంకలో ఒక కవరుంది. అందులో నాలుగు పేజీల వయొలిన్ నోటేషన్. హంతకుడు దాన్ని ముట్టుకోనైనా లేదు.

ఆ చివరి సంగతి ఎవరికో ఒకరికి అప్పుడే అనుమానం రేపాల్సింది. అనుమానించడమే ఉద్యోగంగా ఉన్న నలభై మంది ఆ డిపార్ట్‌మెంట్లో ఉన్నారు. ఒక్కడికీ చీమ కుట్టినట్టు కూడా లేదు.

మధ్యాహ్నం రెండింటికి బ్రీఫింగ్.

"కూర్చో, పెన్సిల్," అన్నాడు చీఫ్.

పెన్సిల్ కూర్చున్నాడు. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉంటుంది గనక అదే అతని కోడ్ నేమ్. యాభైకి దగ్గర పడ్డ మనిషి. బట్టతల, మోకాలి నొప్పి, కళ్లజోడు. గూఢచారి అంటే భవనాల మీంచి దూకేవాడనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇతను మెట్లు దిగేటప్పుడు కూడా రెయిలింగ్ పట్టుకుంటాడు. పదేళ్లుగా అతని ఆయుధాలు రెండు: ఒక స్టీలు స్కేలు, ఒక భూతద్దం.

"కవరు ఎవరు పంపారో వేరే చెప్పాలా?"

"నెమలి."

"నెమలే. ముఠావాళ్లు మన పోస్టుబాక్సుని పసిగట్టారు, కాల్చేశారు. కానీ కవర్లో ఏముందో వాళ్లకి తెలీదు. తెలిస్తే వదుల్తారా? సందేశం చదివి రేపటికల్లా నా బల్ల మీద పెట్టు."

"ఆవిడ పరిస్థితేంటి సార్?"

"ఏ ఆవిడ?"

"మా చెల్లెలు సార్."

చీఫ్ టీ చప్పరించాడు. "ఆఫీసులో చెల్లెళ్లూ తమ్ముళ్లూ ఉండరయ్యా. ఏజెంట్లుంటారు."

ఆ పొరుగుదేశపు ముఠా ఈ నగరంలో మ్యూజిక్ పబ్లిషింగ్ కంపెనీ బోర్డు కట్టుకుని, ఒక ఐదో అంతస్తులో కూర్చుంది. నోటేషన్ సాఫ్ట్‌వేర్లో పాటలు కూర్చి, అచ్చేసి అమ్ముతుంది. పైకి చూస్తే పరమ సాధువులు. నెమలి అక్కడ నోటేషన్ విభాగానికి హెడ్. పార్టీల్లో ఆకుపచ్చ సిల్కు గౌను వేసుకుని నడిస్తే, రాయబారులు చేతిలో గ్లాసు చొక్కా మీద ఒలకబోసుకుంటారు. ముఠా దృష్టిలో ఆమె మన మీద వాళ్లు వదిలిన గూఢచారి. నిజానికి వాళ్ల మీద మనం వదిలిన గూఢచారి. ఈ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురు, సోమవారం పదకొండూ ఏడు నుంచి ఇద్దరు.

ఇంట్లో ఆమె పేరు బుల్లి.

వాళ్ల నాన్న అచ్చు రేకుల మీద సంగీతం చెక్కేవాడు. సాఫ్ట్‌వేర్లు లేని రోజుల్లో అయిదేసి గీతలు గీసి, వాటిని నిలువు గీతలతో బార్లనే గళ్లుగా విడగొట్టి, ఒక్కో స్వరాన్నీ సుత్తితో కొట్టి దింపేవాడు. ఏ బార్‌కి ఎంత చోటు, ఏ వరుసలో ఎన్ని బార్లు, పేజీ ఎక్కడ ఆపాలి, అదీ ఆయన విద్య. పేజీ ఎప్పుడూ విరామం దగ్గరే ఆగాలి, అంటే వాయించేవాడి చేతులు ఖాళీగా ఉన్న చోట. "వాయించేవాడికి రెండే చేతులురా," అనేవాడు. "పేజీ తిప్పే మూడో చెయ్యి మనం." స్వరాల పరుగు మధ్యలో పేజీ ఆపితే మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు ఆయనకి.

పిల్లలిద్దరిచేతా పేజీలు కూర్పించి తప్పులు పట్టేవాడు. బుల్లి పేజీలు నాన్న చేతికి వెళ్లేలోపే అన్న దొంగచాటుగా దిద్దేసేవాడు. దానికి తిట్లు తప్పేవి. చిత్రమేమిటంటే, అది సంతోషించేది కాదు.

నాలుగు నెలల కిందట పళ్ల డాక్టరు వెయిటింగ్ రూములో కలిశారిద్దరూ. ఎదురెదురు కుర్చీలు, చేతుల్లో పాత పత్రికలు, మొహాలు చూసుకోకుండా మాటలు.

"నన్ను తీసుకెళ్లిపో అన్నయ్యా. ఇంక నా వల్ల కాదు. నిద్రలో కూడా నటిస్తున్నాను."

"ఇంకొక్క పని. అది అయిపోతే ఇంటికే. చీఫ్ మాటిచ్చాడు."

"ఆయన మాట నీటి మీద రాత."

"నేనున్నాను కదే."

బుల్లి పేజీ తిప్పింది. "నువ్వుంటావులే. చిన్నప్పట్నుంచీ నా తప్పులన్నీ దిద్దుతూనే ఉన్నావు. ఇది ఎందుకిలా చేసిందీ అని మాత్రం ఒక్కసారీ అడగలేదు."

నర్సు వచ్చి పిలిచింది. బుల్లి లేచి, నిజంగానే వెళ్లి పన్ను పీకించుకుంది. వేషం వేస్తే అంత పక్కాగా వేస్తుంది మరి.

*

మంగళవారం ఉదయం పెన్సిల్ పని మొదలుపెట్టాడు.

రహస్యం స్వరాల్లో లేదు. ఉంటే ఎవడో ఒకడు వాయించి పట్టేసేవాడు. అది బార్ల వెడల్పులో ఉంటుంది. ఏ నోటేషన్ సాఫ్ట్‌వేరైనా స్వరాలు ఎక్కువున్న బార్‌కి ఎక్కువ చోటు, తక్కువున్నదానికి తక్కువ చోటు తనంతట తనే ఇస్తుంది. కావాలంటే మనం ఒక్కో బార్‌ని వేరుగా సాగదీయొచ్చు, నొక్కొచ్చు. బుల్లి సాగదీసిన బార్ మోర్స్ కోడ్‌లో గీత. నొక్కిన బార్ చుక్క. ముట్టుకోని బార్ ఖాళీ. తేడా అర మిల్లీమీటరే. చదవాలంటే, అవే స్వరాలు అదే సాఫ్ట్‌వేర్లో కొట్టి, ముట్టుకోకుండా ప్రింట్ తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలవాలి.

"ఇదేం ఉద్యోగంరా," అన్నాడు బాబాయ్. గాడ్జెట్ల ల్యాబ్ ఇన్‌ఛార్జి అతను. చీఫ్ తప్ప డిపార్ట్‌మెంటంతా అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. "నేను బూట్లో కెమెరా పెట్టాను, గొడుగులో గన్ను పెట్టాను. నువ్వేమో దర్జీలా కొలతలు తీస్తూ కూచున్నావు."

"నీ గొడుగు వానకి కారుతోందంటగా బాబాయ్."

"కారితే కారింది, పేలుతుందా లేదా?"

మధ్యాహ్నానికి సందేశం తేలింది. "శుక్రవారం నాలుగు. ఫెర్రీ టెర్మినల్. మూడో గేటు గది. మనిషొస్తాడు." తొంభై ఆరో బార్‌తో మాట ముగిసింది. ముఠాలో సంకేతాలు రాసే గుమాస్తా ఒకడు గోడ దూకాలనుకుంటున్నాడని నెమలి రెండు నెలలుగా చెబుతూనే ఉంది. వాడు వస్తే ముఠా మొత్తం వచ్చినట్టే.

పెన్సిల్ స్కేలు కింద పెట్టాడు. గుమాస్తా వస్తే బుల్లి పని అయిపోయినట్టే. శుక్రవారం సాయంత్రానికి అది ఇంట్లో ఉంటుంది.

రిపోర్టుతో పాటు చీఫ్‌కి ఒక శుభ్రమైన కాపీ పెట్టాలి. అచ్చు పేజీల్లో బార్లు ఎక్కడ విరిగాయో అలాగే తన ఫైల్లోనూ సర్దుతూ వచ్చాడు. మూడో పేజీ చివరికొచ్చేసరికి అతని చెయ్యి ఆగింది.

నూరో బార్ మొత్తం విరామం. పేజీ అక్కడ ఆగాలి. సాఫ్ట్‌వేర్‌ని దాని మానాన వదిలేస్తే అక్కడే ఆగింది కూడా. కానీ బుల్లి పంపిన అచ్చులో ఇంకో నాలుగు బార్లు అదే పేజీలోకి ఇరికి ఉన్నాయి. పేజీ నూట నాలుగు దగ్గర విరిగింది. స్వరాలు పరిగెడుతున్న చోట, వాయించేవాడికి ఊపిరాడని చోట.

"అయ్యో పిచ్చిదానా," అన్నాడు పెన్సిల్, పైకే. "నాన్న చూస్తే చంపేసేవాడు."

నవ్వొచ్చింది. జాలీ వేసింది. ఎంత ఒత్తిడిలో ఉందో, బార్లు సాగదీస్తూ నొక్కుతూ ఎక్కడో లెక్క తప్పి ఉంటుంది అనుకున్నాడు. ఆ పేజీ బ్రేక్ మీద కర్సర్ పెట్టి డిలీట్ కొట్టాడు. నాలుగు బార్లూ బుద్ధిగా తర్వాతి పేజీలోకి జారాయి. ముప్పై అయిదేళ్ల కిందట వంటింటి గట్టు మీద ఎలా దిద్దాడో, ఇప్పుడూ అలాగే దిద్దాడు. ఆ కాపీనే ప్రింట్ తీసి చీఫ్‌కి పంపాడు. పేజీ తప్పు సంగతి రిపోర్టులో రాయలేదు. చెల్లెలి తప్పు ఊరందరికీ చెప్పుకుంటారా ఎక్కడైనా?

షాపు యజమాని పోయాక షాపు మూతపడింది. ఆ వారం ఐదో అంతస్తు నుంచి ఇంకే కాగితమూ డిపార్ట్‌మెంటుకి చేరలేదు.

*

శుక్రవారం మూడున్నర. ఫెర్రీ టెర్మినల్ హాలు.

స్తంభం పక్కన ఒక వయొలిన్ వాయించేవాడు. మాసిన కోటు, మూడ్రోజుల గడ్డం, ముందు మ్యూజిక్ స్టాండు. పెన్సిల్‌కి ఆ వేషం బాగా కుదిరింది, ఎందుకంటే వయొలిన్ చిన్నప్పట్నుంచీ వచ్చు, గడ్డం తప్ప అందులో వేషమేమీ లేదు. స్టాండు మీద బుల్లి పంపిన అచ్చు పేజీలు. "గుమాస్తా ఆ పబ్లిషర్ ముద్ర చూసే మనల్ని గుర్తుపడతాడు, అసలు కాపీయే ఉండాలి," అన్నాడు చీఫ్.

పెన్సిల్ జేబులో శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్క్ ఒకటి. బాబాయ్ స్వయంగా ఇచ్చాడు. "ఇది కొట్టావంటే మన నలుగురి చెవుల్లోనూ కుయ్యిమంటుంది. అంటే పని ఆపి పారిపొమ్మని. ఊరికే సరదాకి కొట్టకు, వాళ్ల చెవులు పోతాయి."

నలుగురూ హాల్లోనే ఉన్నారు. పోర్టరు, పేపరు చదివే పెద్దమనిషి, సూట్‌కేసు మీద కూర్చుని పోట్లాడుకునే భార్యాభర్తలు. నాలుగు కొట్టగానే మూడో గేటు గదిలోకి వెళ్లాలి. "రెండో పడవ ఎన్నింటికి?" అంటే లోపలివాడు "పొగమంచు తగ్గాక" అనాలి. అంతే. పిల్లాటలా ఉంది.

మూడూ యాభై నాలుగు. పెన్సిల్ వాయించడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ, రెండోది. ఎవరో బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ తల ఊపుతూ వింటోంది. మూడో పేజీ. నూరో బార్, విరామం. చెయ్యి అలవాటు కొద్దీ పేజీ వైపు వెళ్లింది. అక్కడ ఇంకా నాలుగు బార్లున్నాయి. మళ్లీ కమాను పట్టుకుని పరుగందుకున్నాడు. నూట నాలుగు. ఎడమ చెయ్యి తీగల మీద, కుడి చెయ్యి కమాను మీద. పేజీ తిప్పే నాథుడు లేడు. పాట కసుక్కున తెగింది.

"ఏం బాబూ, ఆగిపోయావే?" అంది పెద్దావిడ. "బాగా వాయిస్తున్నావుగా."

"పేజీ సరిగ్గా కుదర్లేదమ్మా."

"ఎవరు కూర్చారో గానీ, నీ మీద పగబట్టి కూర్చినట్టున్నారు."

పెన్సిల్ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే చచ్చింది.

సందేశం తొంభై ఆరో బార్‌కే అయిపోయింది. ఆ తర్వాత బార్లు ముట్టుకోవాల్సిన పని బుల్లికి లేదు. ముట్టుకోకపోతే పేజీ నూరో బార్ దగ్గరే ఆగేది. సాఫ్ట్‌వేరే ఆపేది. నాలుగు బార్లు పట్టేలా నొక్కి, కుదించి, చేత్తో పేజీ బ్రేక్ పెట్టింది. తొందర్లో తప్పు జరుగుతుంది, నిజమే. కానీ ఇంత కష్టపడి ఎవరూ తప్పు చేయరు. నాన్న కూతురు అసలే చేయదు.

పక్కన మనిషి నిలబడి, నెత్తిన పిస్టల్ పెట్టి కూర్పిస్తే తప్ప. వాళ్లకి బార్ల రహస్యం తెలిసిపోయింది. ఏ బార్ సాగదీయాలో, ఏది నొక్కాలో వాళ్లే చెప్పారు. పేజీ ఎక్కడ ఆగాలో మాత్రం వాళ్లకి తెలీదు. ఆ ఒక్క చోట బుల్లి తన మాట రాసుకుంది. ఇది నమ్మకు, అన్నయ్యా.

కవరు వదిలేసి వెళ్లిన హంతకుడు ఇప్పుడు గుర్తొచ్చాడు. షాపు యజమాని చావు కూడా ఎరే. ప్రాణం పోయిన కాగితాన్ని ఎవరు అనుమానిస్తారు?

గడియారం మూడూ యాభై తొమ్మిది. పోర్టరు గది తలుపు మీద చెయ్యి వేశాడు. పెద్దమనిషి పేపరు మడిచాడు. భార్యాభర్తలు పోట్లాట ఆపి లేచారు.

పెన్సిల్ ఫోర్క్ తీసి స్తంభానికేసి కొట్టాడు.

పోర్టరు చెవి పట్టుకుని వెనక్కి గెంతాడు. "అందరూ బయటికి! పరిగెత్తండి!" అని అరుస్తూ పెన్సిల్ పెద్దావిడని బెంచీ మీంచి లాగాడు. మోకాలు కలుక్కుమంది. నలుగురు ఏజెంట్లూ జనాన్ని మెయిన్ గేటు వైపు తోశారు.

సరిగ్గా నాలుక్కి మూడో గేటు గది పేలింది. తలుపు ఎగిరొచ్చి మ్యూజిక్ స్టాండుని తుక్కు చేసింది. చచ్చినవాళ్లు లేరు. పెద్దావిడకి చెప్పు పోయింది.

ఎదుటి డెక్కు మీంచి బైనాక్యులర్స్‌తో చూస్తున్న ఒక మనిషిని పోర్టరు పట్టుకున్నాడు. పట్టుకునేసరికే వాడు ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు. ఎవరికో చెప్పాల్సింది చెప్పేశాడు.

"సార్, ఐదో అంతస్తు మీద రెయిడ్ చేయండి, ఇప్పుడే!" పెన్సిల్ ఫోన్లో అరిచాడు. "బుల్లి వాళ్ల చేతుల్లో ఉంది సార్."

"ఎవరు?"

"నెమలి సార్, నెమలి!"

"ఆర్డరు కావాలయ్యా. రాయించాలి. అరగంట."

అరగంట కాస్తా గంటా పది నిమిషాలైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో ఆ డిపార్ట్‌మెంటుని మించినవాళ్లు లేరు.

*

ఐదో అంతస్తు ఖాళీ. బీరువాలు బార్లా తెరిచి ఉన్నాయి. చివరి గదిలో, కంప్యూటరు ముందు కుర్చీలో బుల్లి. ఆకుపచ్చ సిల్కు గౌను కాదు, ఇంట్లో వేసుకునే పాత స్వెట్టరు. మోచేతి దగ్గర చిరుగు. మణికట్ల మీద తాడు ఒరుసుకున్న గుర్తులు పాతవీ కొత్తవీ ఉన్నాయి.

డాక్టరు చెయ్యి పట్టి చూశాడు. "ప్రాణం పోయి గంట దాటింది. నాలుగూ అయిదు, నాలుగూ పది ప్రాంతంలో అయ్యుంటుంది."

నలుగురు బతికారని తెలిసిన మరుక్షణం అన్నమాట. వాళ్లు బతికారంటే ఆమె ఏదో చెప్పిందని అర్థం. పెన్సిల్ ఫోర్క్ కొట్టిన శబ్దం నలుగురి చెవుల్లో కాదు, ఐదుగురి చెవుల్లో మోగింది.

బల్ల మీద కొత్త అచ్చులు ఐదున్నాయి. మంగళవారం ఒకటి, బుధవారం రెండు, గురువారం ఒకటి, ఈ రోజుది ఒకటి. ముఠా ఆమెచేత మామూలు పని చేయిస్తూనే ఉంది, ఇవి షాపుకి అమ్మకానికి వెళ్లాల్సినవి. షాపు మూసి ఉంది గనక ఇక్కడే ఉండిపోయాయి. పెన్సిల్ ఒక్కోటీ తెరిచాడు. స్కేలు తీయలేదు. మూడో పేజీ చివర చూశాడు, అంతే.

ఐదింట్లోనూ పేజీ స్వరాల పరుగు మధ్యలోనే విరిగింది. ఒక్కోదాంట్లో ముందుదానికంటే ఘోరంగా. ఈ రోజు అచ్చులో మరీ బార్‌నే నడిమికి కోసి, సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పడేసింది. చదువురాని వాడికి కూడా కనబడేంత తప్పు. ఐదు రోజులుగా అన్నయ్యా అన్నయ్యా అని అరుస్తూనే ఉందది. అసలు మొదటి అరుపే చాలు. అది సోమవారమే అతని చేతికొచ్చింది. మంగళవారం మధ్యాహ్నం దాన్ని నవ్వుకుంటూ, ముద్దు చేస్తూ, డిలీట్ కొట్టాడు.

పెన్సిల్ నేల మీద కూర్చుని, ఆ స్వెట్టరు చిరుగు పట్టుకుని ఏడ్చాడు. పక్కన పోలీసులున్నారు, ఫోటోగ్రాఫరున్నాడు, చీఫ్ ఉన్నాడు. ఎవరికీ సిగ్గుపడలేదు.

"ఎందుకిలా చేశావే అని అడగాల్సింది బాబాయ్ నేను," అన్నాడు బాబాయ్‌తో. "ఒక్కసారి అడగాల్సింది."

బాబాయ్ ముక్కు చీదుకుని, కిటికీ వైపు తిరిగాడు.

చీఫ్ భుజం తట్టాడు. "ఆపరేషన్ సక్సెస్, పెన్సిల్. నలుగురు మనవాళ్లు, టెర్మినల్లో రెండొందల మంది. నువ్వు సిగ్నల్ ఇవ్వకపోతే ఏమయ్యేది? సోమవారానికి రిపోర్టు పంపు."

"మంగళవారమే తెలిసుంటే ఐదుగురూ బతికేవాళ్లు సార్."

"మంగళవారం నువ్విచ్చిన కాపీ నేనూ చూశానుగా. చక్కగా ఉంది. అందులో ఒక్క తప్పూ కనబడలేదే."

*

సోమవారం పదింటికి టైపింగ్ సెక్షన్ నుంచి ఫోను. రిపోర్టులు సరిచూసే అమ్మాయి. పాపం, పనిమంతురాలు.

"సార్, మీ రిపోర్టు చూశానండీ. మార్జిన్లన్నీ బాగున్నాయి. మూడో పేజీ చివర మాత్రం వాక్యం మధ్యలో తెగింది సార్. 'ఆమె పంపిన హెచ్చరికని మంగళవారం చూసి కూడా నేను' అని ఆ పేజీలో, మిగతాది నాలుగో పేజీలో పడింది. పై రెండు లైన్లు కాస్త దగ్గరికి నొక్కితే సరిపోతుందండీ. నేనే సరిచేసేయనా?"

పెన్సిల్ చెవి వెనక ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎందుకలా ఉందని అడగవేమ్మా?" అన్నాడు.

"సార్?"

"ఏం లేదు. దాన్ని ముట్టుకోకు తల్లీ. అలాగే పంపు."

అలాగే వెళ్లింది. పదకొండూ ఏడుకి చీఫ్ ఒక చేత్తో టీ, ఒక చేత్తో బిస్కెట్టు పట్టుకుని రిపోర్టు చదువుతూ మూడో పేజీ చివరికొచ్చాడు. మిగతా వాక్యం ఏమైందో తెలియాలంటే పేజీ తిప్పాలి, తిప్పడానికి మూడో చెయ్యి లేదు. విసుక్కుంటూ కప్పు కింద పెట్టాడు. నెమలి గౌరవార్థం డిపార్ట్‌మెంటు జరిపిన కార్యక్రమం మొత్తం అదే.